పైపు పగిలితే ముందు వాల్వు దగ్గరికి పో

చిత్తూరు

చి.ల.సౌ. అమ్మణ్ణికి పెద్దమ్మ దీవెనలు.

రాత్రి బాత్‌రూమ్ పైపు పగిలిందంటూ ఫోన్‌లో నీ గొంతు విన్నాక చాలాసేపు నిద్ర పట్టలేదు. పొద్దున ప్లంబరు వచ్చి అతుకు వేసి వెళ్లాడని తెలిశాక కాస్త కుదుటపడ్డాను. కానీ నువ్వూ అల్లుడూ అంతసేపు బాత్‌రూమ్ గోడకు గుడ్డలు కుక్కుతూ నిలబడ్డారనీ, ఆలోపల హాలంతా మడుగైందనీ చెప్పావే, ఆ మాట మనసులో ఉండిపోయింది. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లకు టైల్సు గురించి చెప్పేవాళ్లు పదిమంది ఉంటారు, పైపుల సంగతి చెప్పేవాళ్లు దొరకరు. నేను ఈ ఇంట్లో పోర్షన్లు అద్దెకిస్తూ ఏళ్ల తరబడి ఈ పైపులతో వేగుతున్నదాన్ని. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు, అందుకే రాస్తున్నాను.

పైపు పగలగానే ఎవరైనా పగిలిన చోటికే పరిగెత్తుతారు. అక్కడ మన చేతిలో ఏమీ లేదు. మిద్దె మీద అంత ఎత్తున ఉన్న నీళ్ల ఒత్తిడి గుడ్డకూ అరచేతికీ ఆగదు. అరంగుళం పైపు పూర్తిగా తెగితే వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ కావడానికి గంట కూడా పట్టకపోవచ్చు. కాబట్టి నువ్వు పోవాల్సింది నీళ్లు బయల్దేరే చోటికి.

మన వైపు ఇళ్లలో నీళ్లు ఒక్క దారిన రావు. కార్పొరేషన్ కొళాయి నీళ్లు వీధిలోనుంచి సంపులో పడతాయి. సంపు నుంచో బోరు నుంచో మోటారు వాటిని మిద్దె మీది ట్యాంకుకు ఎక్కిస్తుంది. ట్యాంకు నుంచి బాత్‌రూములకూ వంటింటికీ దిగుతాయి. మూడు దారులు, మూడింటినీ ఆపే చోట్లు వేరు. మోటారు ఆడుతున్నప్పుడు చిమ్మి, ఆపాక కాసేపటికి నిలిచిపోతే అది ఎక్కే లైను. మోటారు ఆగినా అదే జోరుగా కారుతుంటే దిగే లైను. కొళాయి నీళ్లు వదిలే టైములోనే గేటు దగ్గర నేల చెమ్మగిల్లుతుంటే వీధి లైను.

ఎక్కే లైనైతే మోటారు ఆపాలి. ఇక్కడొక విషయం జాగ్రత్తగా విను. మీ ఇంట్లో ట్యాంకు ఖాళీ అయితే మోటారు తనంతట తానే ఆన్ అయ్యే ఆటోమేటిక్ పెట్టించారు కదా. దిగే లైను పగిలి ట్యాంకు ఖాళీ అవుతుంటే, దానికి పైపు పగిలిన సంగతి తెలియదు. నీళ్లు తగ్గాయని మోటారు వేస్తుంది. సంపులోని నీళ్లు కూడా ట్యాంకుకు ఎక్కి, అక్కణ్ణుంచి మీ హాల్లోకే వస్తాయి. అందుకే ఏ పైపు పగిలినా సరే, మోటారుకు కరెంటిచ్చే ఎంసీబీ, అంటే బోర్డులో ఉండే చిన్న స్విచ్చు, దించెయ్యి. మా కింది పోర్షన్‌లో ఒకసారి ట్యాంకు రెండుసార్లు నిండి కారాక గానీ ఎవరికీ ఈ సంగతి తట్టలేదు.

దిగే లైనైతే మిద్దె ఎక్కాలి. ట్యాంకు అడుగున బయటికొచ్చే పైపులెన్నో చూడు. కొన్ని ఇళ్లలో వంటింటికి ఒకటి, బాత్‌రూములకు ఒకటి వేరుగా ఉంటాయి. ఏ వాల్వు ఎటు పోతుందో పెయింటుతో రాసి పెట్టుకో. అర్ధరాత్రి ఫోన్ లైటు వెలుతురులో ఏది ఏదని వెతుక్కునే టెన్షన్ ఉండదు. అల్లుడు ఊళ్లో లేనప్పుడు మీ అత్తగారికి కూడా తెలిసేట్టు ఉండాలి. ఆమె మిద్దె ఎక్కలేరు కాబట్టి బాత్‌రూమ్ లోపల గోడకు ఉన్న వాల్వు ఎటు తిప్పాలో ఆమె చేత ఒకసారి తిప్పించి చూపించు.

అసలు చిక్కు గేట్ వాల్వుతోనే వస్తుంది. గుండ్రటి చక్రం ఉంటుందే, అది. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. బక్కెట్లకూ కొళాయిలకూ తెల్లగా పట్టే పొర వాల్వు లోపల కూడా పడుతుంది. ఏడాదంతా ముట్టుకోకుండా వదిలేసి, పైపు పగిలిన రోజు తిప్పితే ఇంచు కూడా కదలదు. బలంగా తిప్పితే లోపలి కాడ విరుగుతుంది. అప్పుడు చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం ఆగవు. అందుకే గేట్ వాల్వులు తీయించి, పొడుగు పిడి ఉండే బాల్ వాల్వులు పెట్టించుకో. పావు తిప్పు తిప్పితే చాలు, మూసుకుంటుంది. పిడి పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంట ఉంటే తెరిచినట్టు, చూస్తేనే తెలుస్తుంది. వాటిని కూడా నెలకోసారి మూసి తెరుస్తుండు.

వాల్వు మూసుకోకపోతే ఇంకొక దారి ఉంది. పాత తువ్వాలును పిడికిలి కంటే బాగా పెద్ద ఉండగా చుట్టి, గట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించు. ఒక కర్రకు కట్టి, ట్యాంకు లోపల నీళ్లు బయటికి పోయే రంధ్రానికి ఆనించు. నీళ్ల లాగుడుకే అది అతుక్కుపోతుంది. చిన్న ఉండ పెడితే పైపులోకి పోయి ఇరుక్కుంటుంది, అది మరీ కష్టం. ట్యాంకులోకి వంగి చెయ్యి పెట్టొద్దు, కర్రతోనే చెయ్యాలి. అది కూడా కుదరకపోతే కింద బాత్‌రూముల్లో, పెరట్లో కొళాయిలన్నీ బార్లా తెరువు. నీళ్లు చాలా మటుకు హాల్లోకి కాకుండా తూములోకి పోతాయి. తెరిచే ముందు దొరికిన బిందెలూ బక్కెట్లూ కింద పెట్టు. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం వీధి చివర ఎదురుచూసే ఊరు మనది, మంచి నీళ్లు తూములో పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

కరెంటు సంగతి వేరుగా చెప్పాలి. నీళ్లు స్విచ్ బోర్డు మీదికో, నేల మీది ఎక్స్‌టెన్షన్ బోర్డు దాకానో వచ్చుంటే వాల్వు కంటే ముందు మెయిన్ దించాలి. ఇన్వర్టర్ ఉంది కాబట్టి మెయిన్ దించినా లైట్లకూ ఫ్యాన్లకూ కరెంటు ఉంటుంది, ఇన్వర్టర్‌ను కూడా ఆపాలి. మెయిన్ బోర్డు తడిసినా, అక్కడికి పోవడానికి నీళ్లలో నిలబడాల్సి వచ్చినా ముట్టుకోవద్దు. అందరినీ బయటికి తీసుకుపోయి 1912కు ఫోన్ చెయ్యి, అది కరెంటు వాళ్ల ఫిర్యాదుల నంబరు. మీ సోఫాలు తడిస్తే ఎండలో పెట్టుకోవచ్చు. పిల్లాడు తడి నేల మీద వైరు తొక్కితే ఏం చెయ్యగలం చెప్పు. గీజరు కూడా ఆపెయ్యి, లోపల నీళ్లు లేకుండా అది కాలితే కాయిల్ పోతుంది.

ఇవన్నీ అయ్యాక గానీ పగిలిన చోటికి పోవద్దు. పైపు బయటికి కనబడుతుంటే తాత్కాలికంగా సైకిల్ ట్యూబు ముక్కను చీల్చి, సాగదీసి లాగుతూ నాలుగైదు చుట్లు చుట్టి తీగతో బిగించు. క్లాంపు దొరికితే ఇంకా మంచిది. చిల్లులు పూడ్చే ఎం-సీల్ ముద్ద పెట్టాలంటే పైపు పొడిగా ఉండాలి, కారుతున్న పైపు మీద పెడితే ఊడొస్తుంది. ఇవి ప్లంబరు వచ్చేదాకా పనికొస్తాయి, అంతే. ట్యూబు చుట్టి నెలలు నెట్టుకొచ్చేవాళ్లను చూశాను. గోడలో చెమ్మ దిగి పెచ్చులూడాక పెట్టిన ఖర్చుకు పైపంతా కొత్తది వచ్చేది.

ప్లంబరు పని చేసేటప్పుడు నువ్వు పక్కనే ఉండు. ఆయన్ను తప్పుపట్టడానికి కాదు, నీ ఇంటి గోడలో ఏముందో నీకు తెలియాలి. వేడినీళ్ల లైనుకు సీపీవీసీ పైపే వెయ్యాలి, అది మామూలుగా లేత పసుపు రంగులో ఉంటుంది. తెల్ల యూపీవీసీ ముక్క చేతిలో ఉంది కదా అని గీజరు లైనులో అతికితే వేడికి మెత్తబడి మళ్లీ అక్కడే పోతుంది. రెండింటికీ గమ్ము వేరు, సైజులు కూడా కలవవు. రెండూ ముప్పావు అంగుళమే అని షాపులో ఇచ్చినా ఒకదాని కప్లింగ్, అంటే ముక్కలను కలిపే గొట్టం, రెండోదానికి పట్టదు. అందుకే కోసిన ముక్కను చేతిలో పట్టుకుపోయి, దానికి సరిపోయేది తెచ్చుకోవాలి. కోసిన అంచు గరుకు తీసి, తడి తుడిచి, గమ్ము రాసి, దూర్చి, పావు తిప్పు తిప్పి అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. డబ్బా మీద రాసినంతసేపు ఆరేదాకా నీళ్లు వదలొద్దు. తొందరగా వదలమని నీలాంటివాళ్లు ఒత్తిడి చేస్తేనే అతుకులు ఊడేది, ఆయన తప్పు కాదు.

నీ బాత్‌రూమ్‌లో పగలగొట్టిన చోట సిమెంటు పూసేశారా? పూయకపోతే రెండు రోజులు అట్లాగే వదిలెయ్యి. రాత్రిపూట కొళాయిలన్నీ కట్టేసి, మోటారు ఆపి, ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో గుర్తు పెట్టి పడుకో. పొద్దున నీళ్లు గుర్తు కంటే కిందికి దిగుంటే ఇంకా ఎక్కడో కారుతున్నట్టు. టైలు అతికే ముందు గోడను ఫోటో తీసి దాచుకో. మళ్లీ మేకు కొట్టేటప్పుడు పైపు ఎక్కడుందో ఆ ఫోటోయే చెబుతుంది. నీళ్లు మళ్లీ వదిలేటప్పుడు చివరి కొళాయి తెరిచి పెట్టి, వాల్వును మెల్లగా తిప్పు, గాలి బయటికి పోవాలి. తర్వాత కొళాయిలో ధార సన్నగా వస్తే మూతిలోని జల్లెడ విప్పి కడుగు, గోడ మట్టి అక్కడ చేరుతుంది.

వీధి లైను పగిలితే మన చేతుల్లో బాగుచేసుకునేది కాదు, కార్పొరేషన్ వాళ్లకు చెప్పాలి. కానీ నీళ్లు వదలని టైములో పైపులో ఒత్తిడి ఉండదు, పగిలిన చోటునుంచి కాలువ నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. బాగుచేసినా కొన్ని రోజులు కాచి చల్లార్చిన నీళ్లే తాగండి. సంపులో మురుగు వాసన వస్తే తోడించి, బ్లీచింగ్ పౌడరుతో కడిగించు. అయితే బాగా వానలు పడి నేల ఊటలెక్కినప్పుడు మాత్రం సంపును పూర్తిగా ఖాళీ చేయించొద్దు. 2021 నవంబరు వరదలప్పుడు మీ తిరుపతిలోనే ఒక ఇంట్లో సిమెంటు ఒరల సంపు నేలలోనుంచి పైకి లేచిన సంగతి టీవీల్లో చూసే ఉంటావు. చుట్టూ నీళ్లు నిండి లోపల ఖాళీగా ఉంటే నేలలోని నీళ్లు దాన్ని పైకి తోసేస్తాయి.

మిద్దె మీద ఎండకు పడి ఉన్న తెల్ల పైపుల మీద చెయ్యి రాసి చూడు. సున్నంలా పొడి అంటితే అవి పెళుసెక్కుతున్నట్టు. మన మే నెల ఎండకు ఇంకెన్నాళ్లో ఆగవు. కొత్తవి వేయించాక రెండు కోట్లు నీళ్ల పెయింటు కొట్టిస్తే చాలా మటుకు కాపాడుతుంది. ఊరెళ్లేటప్పుడు వాల్వులు కట్టేసి, మోటారు ఎంసీబీ దించి వెళ్లండి. బ్రహ్మోత్సవాలకు చుట్టాలంతా మీ ఇంట్లోనే దిగుతారు కదా, వాళ్లు రాకముందే ఈ పనులన్నీ చేయించుకో. ఇంటినిండా జనం ఉన్నప్పుడు నీళ్లు ఆపాల్సి వస్తే నీకే ఇబ్బంది.

వచ్చే ఆదివారం మీ పెదనాన్న తిరుపతి వస్తున్నారు. మిద్దె మీద గేట్ వాల్వులు ఎన్ని ఉన్నాయో, పైపు ఏ సైజో, తెల్లదో పసుపుదో చూసి శుక్రవారంలోగా ఫోన్ చెయ్యి. బాల్ వాల్వులు ఇక్కడే కొని పంపిస్తాను. ఆయన వచ్చినప్పుడు ప్లంబరును కూడా పిలిపించు, దగ్గరుండి వేయిస్తారు.

మీ అత్తగారిని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ