కాలేజీ సైటులో మ్యాప్, 360 టూర్: ఏజెన్సీ లేకుండా మనమే చేసుకోవడం ఎలా?

ప్రశ్న ఇది: ఊరికి దూరంగా ఉన్న ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీ. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల నాటికి సైటులో క్యాంపస్ మ్యాప్, వర్చువల్ టూర్ పెట్టాలి. ఏజెన్సీ రేటు ఎక్కువ చెబుతోంది. సొంతంగా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. జావాస్క్రిప్ట్ తెలిసిన మనిషి ఒకరు, చుట్టూ ఉన్నదంతా ఒకే ఫొటోలో పట్టే 360 కెమెరా ఒకటి ఉంటే సరిపోతుంది. కాకపోతే టూర్ కంటే ముందు మ్యాప్ పని పట్టుకోండి, అందులోనూ బస్సు రూట్లతో మొదలుపెట్టండి. ర్యాంకు, బ్రాంచి చూసుకున్నాక ఇంట్లో తేలాల్సింది పిల్ల రోజూ వచ్చిపోగలదా, హాస్టల్లో వేయాలా అన్నదే. చాలా సైట్లలో రూట్లు స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా పడి ఉంటాయి. ఫోన్లో వాటిని చదవడం ఒక శిక్ష.

మ్యాప్‌కి లీఫ్‌లెట్ లైబ్రరీ చాలు, వెబ్ పేజీలో మ్యాప్ చూపించే రెడీమేడ్ జావాస్క్రిప్ట్ కోడ్ అది. ఒక్కో రూటును ఒక్కో గీతగా, బోర్డింగ్ పాయింట్లను చుక్కలుగా జియోజేసన్ (మ్యాప్ మీది స్థానాలు రాసుకునే ఫార్మాట్) ఫైల్లో పెట్టండి. చుక్క నొక్కితే బస్సు నంబరు, ఎక్కే టైము, కాలేజీకి చేరే టైము కనబడాలి. స్టాపు పేర్లు జనం పిలిచేవే రాయండి: పాత బస్టాండ్, వై జంక్షన్, రైల్వే గేటు. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. జియోజేసన్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత వస్తాయి. లీఫ్‌లెట్ మార్కర్‌కి (మ్యాప్ మీద పెట్టే గుర్తు) ఇచ్చేటప్పుడు అక్షాంశమే ముందు. తారుమారైతే హైదరాబాద్ స్టాపు (17.4, 78.5) ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. మ్యాప్ ఖాళీగా కనబడితే ముందు ఇదే అనుమానించండి.

బ్లాకులు, హాస్టళ్లు, మెస్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా మార్చగల ఉచిత మ్యాప్) లేకపోతే అకౌంటు తెరిచి మీరే గీసేయొచ్చు. మ్యాప్ చిత్రాన్ని ముక్కలుగా పంపే దాని టైల్ సర్వర్ విరాళాల మీద నడిచేది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు మ్యాప్ మీద కనబడాలి, రద్దీ ఎక్కువైతే వేరే టైల్ సర్వీసు తీసుకోవాలి. గూగుల్ మ్యాప్స్ ఏపీఐ వాడదలిస్తే బిల్లింగ్ అకౌంటు తప్పనిసరి. గూగుల్ ఇచ్చే ఏపీఐ కీని (మీ అకౌంటును గుర్తించే కోడ్) మీ డొమైన్‌కే పరిమితం చేయకపోతే పక్కవాడు వాడుకున్నా బిల్లు మీకే వస్తుంది.

ఇక టూర్. కెమెరా సన్నటి స్టాండు మీద, కంటి ఎత్తులో, నేల నుంచి సుమారు 1.5 మీటర్లు. రెండు లెన్సుల చిత్రాలు అతుక్కునేది కెమెరా పక్క అంచుల వెంబడి. ఆ వైపున మీటరు లోపల తలుపు చట్రమో, స్తంభమో ఉంటే విరిగినట్టు కనబడుతుంది. దగ్గరి వస్తువులు ఏదో ఒక లెన్సుకు ఎదురుగా ఉండేలా తిప్పండి. హెచ్‌డీఆర్‌లో (వేర్వేరు వెలుగుల్లో తీసిన ఫొటోలను కలిపే మోడ్) తీసేటప్పుడు ఫ్యాన్లు ఆపండి, లేకపోతే రెక్కలు దయ్యాల్లా వస్తాయి. ట్యూబులైట్ల కింద అడ్డచారలు పడితే షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకనుకి మార్చండి. ఫొటోలు వాట్సాప్‌లో ఫొటోగా పంపుకోవద్దు. సైజు కుదించడమే కాక, ఇది 360 ఫొటో అని చెప్పే మెటాడేటా కూడా పోతుంది. కేబుల్‌తో కాపీ చేయండి.

సైటులో ఈ ఫొటోలను తిప్పి చూపించడానికి పానెల్లమ్ అనే వ్యూయర్ ఉంది, ఉచితం. సైజు విషయంలోనే చాలామంది దెబ్బతింటారు: కెమెరా ఇచ్చిన 11 వేల పిక్సెళ్ల వెడల్పు చిత్రాన్ని యథాతథంగా పెడితే పాత ఫోన్ల గ్రాఫిక్స్ చిప్ మోయలేదు, చిత్రమే తెరుచుకోదు. 4096×2048 జేపెగ్, క్వాలిటీ 80 దగ్గర పెట్టండి. అంతకంటే స్పష్టత కావాలంటే పానెల్లమ్‌తో వచ్చే జనరేట్ స్క్రిప్టుతో ముక్కలు చేసుకోవాలి, దానికి హ్యూగిన్ అనే పనోరమా సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి. టూర్ పేజీ ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే బ్రౌజర్ చిత్రాన్ని లోడ్ చేయనివ్వదు, కంగారు పడకుండా పైథాన్‌తో మీ కంప్యూటర్లోనే నడిచే లోకల్ సర్వర్ మీద చూడండి. ఒక సీను (ఒక్కో 360 ఫొటో) నుంచి ఇంకో సీనుకి తీసుకెళ్లే బాణాలు ఎక్కడ పెట్టాలో కళ్లతో అంచనా వేయక్కర్లేదు: పానెల్లమ్ సెట్టింగుల్లో హాట్‌స్పాట్‌డీబగ్ (hotSpotDebug) ఆన్ చేసి క్లిక్ చేస్తే పిచ్ (పైకీ కిందికీ కోణం), యా (పక్కలకు కోణం) విలువలు బ్రౌజర్ కన్సోల్లో వస్తాయి. ప్రతి సీనుకూ ఉత్తరం ఎటో చెప్పే నార్త్‌ఆఫ్‌సెట్ (northOffset) ఇచ్చి, బాణం సెట్టింగైన టార్గెట్‌యాలో (targetYaw) సేమ్‌ఆజిమత్ (sameAzimuth) పెడితే ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్లినప్పుడు చూపు దిశ మారదు. ఇది వదిలేస్తే చూసేవాడికి తల తిరుగుతుంది.

సీన్లు పదిహేను మించనక్కర్లేదు. ఆడిటోరియం, చైర్మన్ గది తీసేయండి, వాటిని చూసి ఎవరూ చేరరు. హాస్టల్ గది, బాత్రూమ్, మెస్, మిషన్లు నడుస్తున్న ల్యాబ్, లైబ్రరీ, మెయిన్ గేటు ముందు రోడ్డు ఉండాలి. 360 లెన్సు అసలే గదిని పెద్దగా చూపిస్తుంది, అందుకని ఎన్ని మంచాలో, గది కొలతలెంతో అందులోనే రాయండి. చేరిన రోజున తల్లి ఆ గదిలో నిలబడి పోల్చి చూసుకుంటుంది. విద్యార్థుల ముఖాలు పడితే వాళ్ల అనుమతి తీసుకోండి, లేదా చెరిపేయండి. ఆడపిల్లల హాస్టల్ ఖాళీగా ఉన్నప్పుడు వార్డెన్‌ను వెంటబెట్టుకునే తీయాలి. బయటి దృశ్యాలు వానాకాలం అయ్యాక అక్టోబరు, నవంబరుల్లో తీసి దాచుకోండి. మే నెలలో ఏ క్యాంపస్ అయినా ఎండిపోయే కనబడుతుంది.

చివరగా లింకులు. టూర్ మొత్తానికి ఒకే లింకు ఇస్తే చాలదు. వెబ్ అడ్రసులో ఉన్న సీను పేరు చదివి, టూర్ ఏ సీనుతో మొదలవ్వాలో చెప్పే ఫస్ట్‌సీన్ (firstScene) సెట్టింగుకి అందించే రెండు లైన్ల కోడ్ రాస్తే, "హాస్టల్ ఎలా ఉంటుందండీ?" అని ఫోన్ చేసినవారికి అడ్మిషన్ సెల్ వాళ్లు నేరుగా ఆ గది లింకే వాట్సాప్ చేయగలరు.