రెండు వేల ప్రశ్నలు చేసినా స్కోరు కదలడం లేదు

ప్రశ్న: ఉద్యోగం చేస్తూ, విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షకు చదువుతున్నాను. నాలుగు నెలలైంది. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక రెండు గంటలు, సెలవు రోజుల్లో ఆరు గంటలు కూర్చుంటున్నాను. చేసిన ప్రశ్నలు రెండు వేలు దాటాయి. ప్రాక్టీస్ టెస్టుల్లో మాత్రం 340కి 308, 309, మళ్లీ 308. మంచి స్కోరు తెచ్చుకున్నవాళ్లకు ఎలాంటి అలవాట్లు ఉంటాయో చెప్పండి, నేనూ పాటిస్తాను.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. ఎన్ని గంటలు కూర్చున్నారో రాశారు, ఎన్ని ప్రశ్నలు చేశారో రాశారు. ఎక్కడ తప్పుతున్నారో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నా అనుమానం అక్కడే మొదలైంది.

ఎందుకంటే మొదటిసారి రాసినప్పుడు నేనూ ఇంతే. చేసిన ప్రశ్నల లెక్క గోడకు అంటించిన కాగితం మీద గీతలు గీసి మరీ పెట్టుకున్నాను. టెస్టు అవగానే స్కోరు చూడటం, తప్పు పోయినవాటికి ఇచ్చిన వివరణ చదవడం, ‘ఓహ్, ఇంతేనా’ అనుకోవడం, తర్వాతి సెట్టులోకి దూకడం. ఆ ‘ఇంతేనా’ దగ్గరే నా స్కోరు ఆగిపోయింది. వివరణ చదివితే ఎవరికైనా అర్థమవుతుంది. ఆ దారి రేపు మనకు మనంగా తడుతుందా అన్నది వేరే సంగతి.

రెండోసారికి ఒక లావుపాటి నోటుబుక్ పెట్టాను. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ అందులో రెండు లైన్లు. మొదటిది, ఆ క్షణంలో నేనేం అనుకుని ఆ జవాబు పెట్టానో. రెండోది, ప్రశ్నలో ఏ మాట చూసి ఉంటే తప్పించుకునేదాన్నో. సరైన జవాబు రాసుకోలేదు, అది పుస్తకంలో ఎలాగూ ఉంటుంది. మూడు వారాలకు 63 తప్పులు పోగయ్యాయి. తిరగేసి చూస్తే 38 చోట్ల ఒకటే మాట: ‘సిల్లీ మిస్టేక్’. నా మీద నాకే నవ్వొచ్చింది. మూడు వారాల్లో 38 సార్లు జరిగేది సిల్లీ ఎలా అవుతుంది? అది అలవాటు.

అప్పుడు ఆ 38కీ అసలు పేర్లు పెట్టుకుంటూ వెళ్లాను. 14 చోట్ల వాళ్లడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి. ఎక్స్ ప్లస్ 2 ఎంత అంటే కష్టపడి ఎక్స్ కనుక్కుని, ఆ సంఖ్య ఆప్షన్లలో కనిపించగానే సంతోషంగా నొక్కేశాను. (పేపరు తయారుచేసేవాళ్లకు మన సంగతి బాగా తెలుసు, ఆ సంఖ్యను అక్కడ కావాలనే పెడతారు.) 11 చోట్ల నెగెటివ్ సంఖ్యలు, భిన్నాలు ఉంటాయన్న సంగతే మరిచిపోయాను. 8 చోట్ల ‘తప్ప’, ‘కానిది’ అన్న మాట కంటపడలేదు. మిగతా 5 మాత్రం నిజంగానే కూడికల్లో తప్పులు.

ఆ 11లో ఒకటి చూడండి. ఎక్స్ 1 కన్నా తక్కువ, సున్నా కాదు. ఒక పక్క ఎక్స్, ఇంకో పక్క ఎక్స్ స్క్వేర్. ఏది పెద్దది? నేను వెంటనే 0.5 వేసుకున్నాను. దాని స్క్వేర్ 0.25, కాబట్టి ఎక్స్ పెద్దది, టిక్. మైనస్ 1 కూడా 1 కన్నా తక్కువే కదా! దాని స్క్వేర్ 1. ఇప్పుడు ఎక్స్ చిన్నదైంది. ఇచ్చిన సమాచారంతో తేలదు అన్నదే జవాబు. ఇందులో నాకు రాని గణితం ఏముంది? ఆ రోజు నుంచి పోలిక ప్రశ్న కనపడితే చాలు, రఫ్ పేపరు మీద ఒక మూల మైనస్ 1, సున్నా, అర, 1, 2 అని ముందే రాసేసుకుని, ప్రశ్నలో కుదిరినవి వేసి చూసేదాన్ని. పది సెకన్ల పని. నన్నడిగితే అలవాటంటే ఇలాంటిది. నాలుగు గంటలకు లేవడమూ, ఫోను అలమారాలో పెట్టి తాళం వేయడమూ దీని తర్వాతే.

ఇంకో సంగతి. నోటుబుక్‌లోకి ఎక్కిన ప్రశ్నను వారం ఆగి, వివరణ చూడకుండా మళ్లీ చేయండి. అదే రోజు చేస్తే వచ్చేస్తుంది, దాన్ని నమ్మకండి. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో చిన్న చిన్న వ్యాసాలు చదివించారు. ఆ తర్వాత కొన్నిటిని మళ్లీ చదవమన్నారు, కొన్నిటికి పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవే ఎక్కువ గుర్తున్నాయి. వారం తర్వాత పెడితే తారుమారైంది. మీరు చదివేది ఐదు నిమిషాల తర్వాతి పరీక్షకు కాదు కదా.

వెర్బల్‌కీ, అంటే ఇంగ్లిష్ భాగానికీ, ఇదే నోటుబుక్ చాలు. పదాల జాబితాలు బట్టీ పట్టేవాళ్లు కొరుకుడుపడని మాటల వెంట పడతారు గానీ, దెబ్బ తగిలేది తెలుసనుకున్న మాటల దగ్గర. ‘క్వాలిఫైడ్’ అంటే అర్హత ఉన్నవాడనే మనకు తెలుసు. జీఆర్‌ఈ పాసేజీలో రచయిత ‘క్వాలిఫైడ్ ప్రెయిజ్’ ఇచ్చాడంటే మెచ్చుకున్నాడు గానీ, కొంత మినహాయించుకుని మెచ్చుకున్నాడని. ‘చెక్’ అంటే అదుపు చేయడం, ‘టెంపర్’ అంటే తీవ్రత తగ్గించడం. ‘సాంక్షన్’ మరీ అన్యాయం, ఆమోదమూ అదే, ఆంక్షా అదే. ఇలాంటివి నా పుస్తకంలో వెనకనుంచి నాలుగు పేజీలు నిండాయి. ఖాళీలు నింపే ప్రశ్నల్లో మూడు ఖాళీలుంటే మూడూ కుదిరితేనే మార్కు, రెండు కుదిరితే సగం మార్కు ఉండదు. కాబట్టి ఒక్క మాట అర్థం జారినా ప్రశ్న మొత్తం పోయినట్టే.

చివరగా మీ ప్రాక్టీస్ టెస్టుల గురించి ఒక అనుమానం. వ్యాసం వదిలేసి నేరుగా వెర్బల్, క్వాంట్ (లెక్కల భాగం) రాస్తున్నారా? చాలామంది చేసే పనే ఇది. 2023 సెప్టెంబరు నుంచి జీఆర్‌ఈ 1 గంట 58 నిమిషాలకు తగ్గింది, మధ్యలో బ్రేక్ లేదు. మొదటి 30 నిమిషాలు వ్యాసమే. అరగంట టైప్ చేసి అలసిన బుర్రతో తర్వాతి నాలుగు సెక్షన్లు రాయాలి. ఇంట్లో తాజా బుర్రతో వచ్చే స్కోరు వేరు. వారానికి ఒక్క టెస్టు రాసినా వ్యాసంతో సహా, లేవకుండా రాయండి. మర్నాడు దాని తప్పుల మీద అంతకంటే ఎక్కువసేపు కూర్చోండి. కొత్త ప్రశ్నలు సగానికి తగ్గించినా నష్టం లేదు.

ప్రశ్న: ఎంబీఏ కోసం జీమ్యాట్ పరీక్షకు చదువుతున్నాను. క్వాంట్‌లో ఒక లెక్క పట్టుకుంటే వదలబుద్ధి కాదు. చివరి నాలుగైదు ప్రశ్నలకు టైమ్ ఉండదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: నా దగ్గర చదివిన ఒకబ్బాయి ఒకే లెక్క మీద 6 నిమిషాల 40 సెకన్లు కూర్చున్నాడు. ఇదేమిటయ్యా అంటే ‘కానీ మేడమ్, అది కరెక్టే!’ అన్నాడు, మొహం వెలిగిపోతూ. చివరి మూడు ప్రశ్నలకు గుడ్డిగా నొక్కిన సంగతి ఆ వెలుగులో కనపడలేదు.

ఇప్పటి జీమ్యాట్ క్వాంట్‌లో 45 నిమిషాలకు 21 ప్రశ్నలు. అంటే ఏడు ప్రశ్నలకు పావుగంట. కాబట్టి గడియారం రెండుసార్లే చూడండి. ఏడో ప్రశ్న అయ్యేసరికి 30 నిమిషాలు, పద్నాలుగోది అయ్యేసరికి 15 నిమిషాలు మిగలాలి. ప్రతి ప్రశ్నకూ టైమ్ చూస్తే టెన్షన్ తప్ప ఏమీ రాదు. నిమిషంన్నర అయ్యేసరికి దారి కనపడకపోతే ఏదో ఒక జవాబు పెట్టి, బుక్‌మార్క్ చేసి కదలండి. సెక్షన్ చివర సమయం మిగిలితే వెనక్కి వెళ్లి మూడు జవాబుల వరకు మార్చుకోవచ్చు. ప్రశ్నలు పూర్తి చేయకుండా వదిలేస్తే మాత్రం స్కోరు తగ్గిస్తారు.

నిమిషంన్నర ఎంతసేపో ఒంటికి తెలియాలి కాబట్టి ఇంట్లో స్టాప్‌వాచ్ బోర్లా పెట్టి లెక్క చేయండి, నిమిషంన్నర అయిందనిపించినప్పుడు తిప్పి చూడండి. మొదట్లో నిమిషంన్నర అనుకున్నది మూడు నిమిషాలు ఉంటుంది. పది రోజుల్లో దారిలో పడుతుంది.

ప్రశ్న: జీఆర్‌ఈ ఇంటి నుంచే రాస్తున్నాను. మూడు వారాలే ఉంది. చదువు కాకుండా ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉన్నాయి, ముఖ్యంగా ఒకటి. ఇంటి నుంచి రాసేటప్పుడు మామూలు రఫ్ పేపరు వాడనివ్వరు. చిన్న వైట్‌బోర్డు, మార్కరు, లేదంటే ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం మీద చెరిపేసే మార్కరుతో రాసుకోవాలి. నెలల తరబడి పెన్సిలుతో కాగితం మీద చేసి, ఆ రోజు లావు మార్కరు పట్టుకుంటే నాలుగు లైన్లకే బోర్డు నిండిపోతుంది. చెరిపేస్తే ముందు వేసిన స్టెప్పు పోతుంది. ఇవాళ్టి నుంచే బోర్డు మీద చేయండి.

వెర్బల్‌లో గానీ, క్వాంట్‌లో గానీ రెండో సెక్షన్ ఒక్కసారిగా కష్టంగా అనిపిస్తే కంగారు పడకండి. మొదటి సెక్షన్ బాగా రాసినవాళ్లకే కష్టమైనది వస్తుంది. అన్నట్టు, రిజిస్ట్రేషన్‌లో మీ పేరు, పాస్‌పోర్టులో పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటేనా? ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా చూసుకోండి. తేడా ఉంటే మార్పించుకోవడానికి ఇంకా టైమ్ ఉంది.