తెలిసీ అడగడం తప్పా?

సందేహం: మా కావలిలో కూరగాయల సంచి పట్టుకుని బజారు వైపు నడుస్తుంటే, ఎదురైన ప్రతివారూ "బజారుకా?" అంటారు. కళ్లెదుట కనిపిస్తున్నదాన్ని ప్రశ్నగా అడగడం దోషం కాదా? కథలో రాసేటప్పుడు ఇలాంటి వాక్యం చివర ప్రశ్నార్థకం ఉంచాలా? - ఒక పాఠకుడు, కావలి

సమాధానం: దోషం కాదు. తెలియనిది తెలుసుకోవడానికే ప్రశ్న అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మీరు "ఆఁ, అట్లా" అని సాగిపోతారు కదా. "అట్లా అంటే ఎట్లా?" అని ఎవరైనా నిలదీశారా? ఎదురైన ఆయన్ని మీరు చూశారు, పలికారు. ఆయనకు కావలసింది అంతే. ఒకరోజు పలకకుండా వెళ్లి చూడండి. మీకు కోపం వచ్చిందన్న వార్త సాయంత్రానికల్లా వీధంతా తిరుగుతుంది. ఎదురుపడ్డాక మౌనం కూడా మాటే.

అదే బస్సులో కండక్టర్ "ఒంగోలుకా?" అంటే "ఆఁ, అట్లా" అని చూడండి, టికెట్ రాదు! వ్యాకరణం రెండు చోట్లా ఒకటే: 'కు' మీద ప్రశ్నార్థకమైన 'ఆ' చేరింది. ఎవరు, ఎవరిని, ఎక్కడ అడిగారన్నదాన్ని బట్టి పని మారింది.

పసిఫిక్ ప్రాంతంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి పరిశోధించిన మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ, కేవలం మనుషుల్ని కలిపి ఉంచే ఇలాంటి మాటలకు 1923లోనే ప్రత్యేకంగా ఒక పేరు పెట్టారు. 1960లో భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్‌సన్ భాష చేసే ఆరు పనులు చెబుతూ, ఎదుటివారితో లంకె తెగకుండా చూసుకోవడాన్ని వాటిలో చేర్చారు. ఫోనులో "హలో, వినపడుతోందా?" అనడం ఆ కోవలోదే. కథ వింటూ ఊకొట్టడాన్నీ, బుర్రకథలో వంతల "తందాన"నూ నేనైతే అక్కడే చేరుస్తాను.

మనవాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. బయలుదేరేవారిని "ఎక్కడికి?" అనకూడదు, అపశకునం. అలాగని పలకరించకుండా ఊరుకోలేరు. అందుకే "దూరమా?" అంటారు. సమాచారం కోసమే అయితే ఇంతకన్నా పనికిమాలిన ప్రశ్న ఉండదు. "ఆఁ, కాస్త దూరమే" అన్న జవాబుతో ఊరి పేరు కూడా తెలియదు. అయినా ఇద్దరికీ తృప్తే.

ఇక ప్రశ్నార్థకం సంగతి. తప్పక ఉంచండి, వాక్యం రూపం ప్రశ్నదే కాబట్టి. పక్కన "అని పలకరించాడు" అని రాయనక్కరలేదు. రెండో పాత్ర చేత "ఆఁ, అట్లా" అనిపిస్తే పాఠకుడికి అర్థమైపోతుంది.