కాటన్ దొర వంశవృక్షం గీస్తానన్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మడూ,

ఆర్థర్ కాటన్ గారి వంశవృక్షం గీసే పని మొదలుపెట్టావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన గోదావరి వాళ్ళకి ఆ పేరంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. రేవులో సంకల్పం చెప్పుకుంటూ ఆయన్ని భగీరథుడని తలుచుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వినగానే గుండె నిండింది, వెంటనే భయమూ వేసింది. మనం ప్రేమించే మనిషి గురించి ఎవరు ఏం చెప్పినా నమ్మాలనిపిస్తుంది. ఈ పనిలో అదే ప్రమాదం.

ముందు చావు కాగితం పట్టుకుని వెనక్కి నడువు. ఆయన 1899 జులై 24న ఇంగ్లండ్‌లో డోర్కింగ్‌లో పోయారు. అక్కడ జనన మరణాల రిజిస్ట్రేషన్ 1837 జులై 1న మొదలైంది. సూచికలు మూడేసి నెలలకొకటి ఉంటాయి కాబట్టి జులై మరణాన్ని సెప్టెంబర్ త్రైమాసికంలో వెతకాలి. తర్వాత కోర్టు ఆమోదించిన వీలునామాల జాబితా, అదే ప్రొబేట్ క్యాలెండర్, ఆపైన జనాభా లెక్కలు. 1841 లెక్కల్లో పెద్దవాళ్ళ వయసుని సాధారణంగా కింది ఐదు గుణిజానికి తగ్గించి రాశారు. ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో, ఏ పారిష్‌లో, అంటే ఏ చర్చి పరిధిలోని ఊళ్ళో పుట్టారో 1851 నుంచే కనిపిస్తుంది.

ఇంగ్లండ్ మరణ ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు ఉండవు. ఇది తెలియక డబ్బు కట్టి తెప్పించుకుని నీరుగారిపోయేవాళ్ళు చాలామంది. తండ్రి పేరు కావాలంటే క్యాడెట్ కాగితాలు చూడాలి. సైన్యంలో చేరే కుర్రాడి వయసుకి ఈస్టిండియా కంపెనీ రుజువు అడిగేది, అందుకని ఆ కట్టల్లో బాప్టిజం ధ్రువపత్రం ఉంటుంది. అవి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎల్/ఎమ్‌ఐఎల్/9 వరసలో ఉన్నాయి. కలెక్టర్ల వంటి సివిల్ ఉద్యోగుల కోసమైతే జె/1 వరసలో రైటర్ల (కొత్తగా చేరే సివిల్ ఉద్యోగుల) అర్జీలు చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్టిజాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు ఎన్/2లో ఉంటాయి. అవి అసలు రిజిస్టర్లు కావు, ఇక్కడి నుంచి రాసి పంపిన నకళ్ళు. నకలు రాసినవాడి చేతి తప్పు కూడా వాటిలో ఉంటుందని గుర్తుంచుకో.

కాటన్ గారి పెళ్ళి ఎన్/2లో దొరకలేదని బెంగపడకు. ఆయన 1841లో ఎలిజబెత్ లియర్మంత్‌ని టాస్మేనియాలో పెళ్ళాడారు. పెద్దమ్మాయి పుట్టిందీ అక్కడే, 1842లో. ఆ ద్వీపంలో రిజిస్ట్రేషన్ 1838 డిసెంబర్‌లోనే మొదలైంది, అక్కడి పేర్ల సూచిక ఉచితంగా చూడొచ్చు. ఆరోగ్యం బాగుచేసుకోవడానికి సెలవు పెట్టి దక్షిణాఫ్రికాలోని కేప్‌కో ఆస్ట్రేలియాకో వెళ్ళిన అధికారులు చాలామంది. ఇండియాలో ఆధారం తెగిపోయిందంటే ఓడ ఎక్కాడేమో చూడు.

ఇక నా అసలు భయం ఒకే పేరున్న ఇద్దరి గురించి. ఈ తప్పు నా నోటు పుస్తకంలో కూడా చాలాకాలం ఉంది, అందుకే ఇంత విడమర్చి చెబుతున్నాను.

ఆర్థర్ గారి తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఆయన తండ్రి చెషైర్‌లోని కాంబర్‌మియర్ కాటన్లలో నాలుగో బారనెట్ (వంశంలో దిగే బిరుదు అది), సర్ లించ్ కాటన్. 1826లో భరత్‌పూర్ కోట పట్టుకున్న లార్డ్ కాంబర్‌మియర్ ఆర్థర్ గారికి పెదనాన్న కొడుకు. ఇంతవరకూ సరే. ఇప్పుడు ఇంకో హెన్రీ కాటన్ వస్తాడు. అస్సాం చీఫ్ కమిషనర్‌గా చేసి, 1904లో బొంబాయి కాంగ్రెస్ సభకి అధ్యక్షత వహించినాయన. పుట్టింది 1845లో, కుంభకోణంలో. ఆయన తండ్రి మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేశాడు. ఆర్థర్ గారు కావేరి, కొల్లిడం ఆనకట్టలు కట్టింది ఆ చుట్టుపక్కలే. ఇంటిపేరు ఒకటే, ఊరు పక్కపక్కనే, కాలమూ కలిసింది. పైగా తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వాళ్ళకీ ఉంది. ఇన్ని కలిశాక చెయ్యి ఆగదు, అన్న కొడుకని గీత గీసేస్తాం.

కానీ ఆ హెన్రీ తండ్రి జోసెఫ్ జాన్, తాత జాన్, ముత్తాత జోసెఫ్. ఆ ముత్తాత లండన్‌లో కంపెనీ డైరెక్టరు. మూడు తరాలు పైకెక్కినా లించ్ కాటన్ కనబడడు. ఊరూ కాలమూ ఇంటిపేరూ మూడూ కలిసినా చుట్టరికం కాదమ్మా. తండ్రి పేరు రాసున్న కాగితం చూసేదాకా గీత పెన్సిల్‌తోనే ఉండాలి. మద్రాసు ప్రెసిడెన్సీ సమాధి శాసనాల జాబితా 1905లో వేసినాయన కూడా జూలియన్ జేమ్స్ కాటన్. ఆ పేరు చూసి ఇంకో కొమ్మ అతికించకు.

సొంత ఇంట్లోనే ఇంకో చిక్కుంది. తమ్ముడు ఫ్రెడరిక్ కాన్యర్స్ కాటన్ కూడా మద్రాసు ఇంజనీర్లలోనే ఉన్నాడు. పాత కాగితాల్లో ఒట్టి "కెప్టెన్ కాటన్" అని ఉంటే తేదీ, హోదా, పోస్టింగు మూడూ సరిచూసుకున్నాకే ఎవరో తేల్చు. అన్న సిడ్నీ పెషావర్‌లో పనిచేసిన జనరల్, ఇంకో అన్న రిచర్డ్ లించ్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉస్టర్ కాలేజీ ప్రొవోస్ట్, అంటే ఆ కాలేజీ పెద్ద. అన్నదమ్ముల్ని వదిలేయకు. ఒకరి కాగితంలో లేని తల్లి పేరు ఇంకొకరి దాంట్లో దొరుకుతుంది.

బిరుదులతో కూడా జాగ్రత్త. కాటన్ గారిది నైట్‌హుడ్, కొడుకుకి రాదు. థామస్ మన్రోకి 1825లో వచ్చింది బారనెట్సీ, అది వంశంలో దిగుతుంది. బారనెట్ కుటుంబాల చెట్లు ఎప్పుడో అచ్చయ్యాయి, పైతరాలు అక్కడ తేలిగ్గా దొరుకుతాయి. అలాగని సరిచూడకుండా దించుకోవద్దు. 1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరి 1740 అని రాసుంటే మన లెక్కలో అది 1741.

ఊళ్ళ పేర్లు వాళ్ళ నోటి తీరున వెతుకు: కొకనాడా, మసూలిపటం, విజాగపటం, రాజమండ్రీ. దవళేశ్వరానికైతే స్పెల్లింగులు లెక్కలేనన్ని, అన్నీ ప్రయత్నించు.

బ్రిటిష్ ఇండియాలో బతికిన కుటుంబాల చరిత్ర వెతికే ఫిబిస్ సంఘం సూచిక ఉచితం, ముందు అక్కడ పేర్లన్నీ వెతికి జాబితా రాసుకో. ఆ తర్వాతే రికార్డులు చూపించే ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైట్‌కి ఒక్క నెల చందా కట్టు. ప్రతి పేరు పక్కనా రికార్డు నంబరు, పేజీ, చూసిన తేదీ వెయ్యి. బతికున్నవాళ్ళ పేర్లు ఎక్కడా బయట పెట్టకు. మనకి ఆయన దేవుడైనా వాళ్ళకి ముత్తాత.

ఇంకే అధికారి గురించి వెతికినా, బాప్టిజంలో తల్లి పేరు ఖాళీగా ఉంటే ఆ తండ్రి వీలునామా తప్పకుండా చదువు. ఆ తల్లి చాలాసార్లు మన దేశపు ఆడపిల్లే అయ్యుంటుంది. ఆ గడి కొట్టేయకుండా, ఖాళీగానైనా సరే, గీసి ఉంచు తల్లీ.

మొదటి రెండు తరాలు అయ్యాక నాకు పంపు, పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాను. రాత్రిళ్ళు స్క్రీన్ ముందు కళ్ళు పాడుచేసుకోకు. వేళకి తిను.

మీ పెదనాన్న