పాప కాలేజీ డబ్బుతో జేడ్ పాత్ర కొనొచ్చా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడో వేలంలో పాతకాలపు కంచు పాత్ర రూపంలో చెక్కిన చైనా జేడ్ (గట్టి విలువైన రాయి) ధూపపాత్ర అమ్మకానికి వచ్చింది. చియెన్‌లుంగ్ చక్రవర్తి కాలం నాటిదట, 16 వేల డాలర్లకు రావచ్చట. మూడేళ్లలో కాలేజీకెళ్లే పాప పేరిట చదువు కోసం దాచే 529 ఖాతాలోంచి తీసి కొందామంటున్నారు మావారు. పదేళ్లలో రెట్టింపవుతుందని ఆయన నమ్మకం. కొనొచ్చా?

జవాబు: అమ్మా, 529 ఖాతా జోలికి మాత్రం వెళ్లకండి. చదువుకు కాకుండా తీస్తే అందులోని లాభం మీ ఆదాయంలో కలుస్తుంది, దానిమీద మరో 10 శాతం అదనపు పన్ను పడుతుంది. పోనీ రిటైర్మెంట్ కోసం దాచే ఐఆర్‌ఏ ఖాతాలోంచి అంటారేమో, అదీ కుదరదు. ఆ డబ్బుతో కళాఖండం కొంటే అంత మొత్తం మీరు బయటికి తీసుకున్నట్టే లెక్క.

ఇక పాత్ర సంగతి. 1736 నుంచి 1795 దాకా ఏలిన చియెన్‌లుంగ్‌కు షాంగ్, జౌ అనే ప్రాచీన చైనా రాజవంశాల కాలపు కంచు పాత్రలంటే ప్రాణం. 1759లో పడమటి షిన్‌జియాంగ్ ప్రాంతం ఆయన వశమయ్యాక అక్కడి ఖోతాన్, యార్కండ్‌ల జేడ్ బీజింగ్‌కు విరివిగా చేరింది. దాంతో ఆ పాత రూపాలనే రాయిలో చేయించాడు. గుడ్లురిమే కళ్లు, కింది దవడ లేని టావోటియె అనే మృగం ముఖం వాటిమీద తరచూ కనిపిస్తుంది. జేడ్ ఉలికి లొంగదు. తడి ఇసుక వేసి చక్రంతో గంటల తరబడి అరగదీయాల్సిందే. ఆ ఓపిక చూస్తే నాకూ మనసు లాగుతుంది, మీవారిని తప్పుపట్టను.

అయితే పాతదాన్ని చూసి చేయడం చైనాలో సుమారు వెయ్యేళ్ల కిందటి సోంగ్ రాజవంశం కాలం నుంచీ ఉంది, ఇప్పటికీ ఆగలేదు. కాబట్టి రూపం చూసి వయసు చెప్పలేం. అడుగున చక్రవర్తి ముద్ర ఉన్నా అంతే, దాన్ని ఎవరైనా ఎప్పుడైనా చెక్కించొచ్చు. రాయి ఎప్పుడు చెక్కారో తేల్చే నమ్మకమైన ల్యాబ్ పరీక్ష లేదు. చివరికి ధర నిలబెట్టేది కాగితాలే: పాత బిల్లు, పాత వేలం కేటలాగు, ఎవరి ఇంట్లోంచి ఎవరికి చేరిందన్న ఆధారం.

రెట్టింపు మాట లెక్కేసి చూద్దాం. పాట 16 వేల దగ్గర ఆగిందనుకోండి. పాట ధర మీద వేలం సంస్థ తీసుకునే కొనుగోలుదారు రుసుము 25 శాతం వేసుకుంటే 20 వేలు. అమ్మేటప్పుడు కమిషన్ 10 శాతమైనా, మీ 20 వేలు మీకు రావాలంటే పాట 22,200 దాటాలి. అంటే ధర 39 శాతం పెరగాలి. ఏటా 4 శాతం పెరిగినా ఎనిమిదేళ్లు పైనే పడుతుంది. ఈ లెక్కలో సేల్స్ టాక్స్, ఇన్సూరెన్స్ కలపలేదు. ఏడాది దాటాక లాభానికి అమ్మితే పురావస్తువులపై ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉంటుంది, షేర్లకైతే గరిష్ఠం 20.

ఆరు నెలల ఖర్చులు విడిగా పెట్టుకున్నాక, పోయినా బాధపడని డబ్బు మిగిలితే కొనుక్కోండి, ఇంట్లో పెట్టుకుని చూసుకోవడానికి. వేలానికి ముందే వస్తువు ఏ స్థితిలో ఉందో చెప్పే కండిషన్ రిపోర్ట్ రాతపూర్వకంగా అడగండి. మూతా పాత్రా ఒకే రాయివా, అతికిన చోట్లున్నాయా, లోపలి మూలల్లో మెరుగు ఎలా ఉంది అన్నది టార్చ్ వేసి దగ్గరుండి చూడండి. కేటలాగులో "చియెన్‌లుంగ్ కాలం" అని రాశారా, "చియెన్‌లుంగ్ శైలి" అని రాశారా చూసుకోండి. రెండోదైతే తర్వాతి కాలపు నకలు కావచ్చు, 16 వేలు పెట్టకండి.