రోడ్డు మీద పడుకునే మనిషికి అన్నం పొట్లం తర్వాత ఏం కావాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక పెద్దాయన చాలాకాలంగా రోడ్డు పక్కనే పడుకుంటున్నాడు. మీరూ మీ స్నేహితులూ రాత్రిళ్ళు పొట్లం ఇచ్చి వస్తున్నారు. ఆయన కాలికి పుండు ఉంది. ఏదైనా సేవాసంస్థకు అప్పజెబితే బతుకు నిజంగా బాగుపడుతుందా, లేక ఫొటో తీసుకుని నాలుగు రోజులకు మళ్ళీ అక్కడే వదిలేస్తారా అని అడిగారు.

బాగుపడుతుంది. అందరికీ కాదు, తొందరగానూ కాదు. పొగతోటలో నాకు మందుల షాపుంది. షాపు కట్టేశాక మేం కొందరం కలిసి ఒక చిన్న ట్రస్టు పేరుతో ఈ పని చేస్తుంటాం. అందులో చూసిందే రాస్తున్నా.

ముందుగా అన్నం సంగతి. నెల్లూరులో పస్తుండే మనిషికి ఒక పూట కూడు దొరకడం అంత కష్టం కాదు. 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచిన అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలు, మూడు పూటలా తిన్నా 15. గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమానికి పోతే భోజనానికి డబ్బు అడిగేవాడు ఉండడు. రొట్టెల పండగ రోజుల్లో బారాషహీద్ దర్గా చుట్టుపక్కల అడగాల్సిన పని కూడా లేదు. పెళ్ళిళ్ళ కాలంలో కల్యాణ మండపాల నుంచి మిగిలింది మాకే ఫోన్ చేసి మరీ తీసుకుపొమ్మంటారు. పొట్లాలు మానేయమని నేననను, ఆ పొట్లంతోనే మాటలు మొదలవుతాయి. కానీ దాని దగ్గరే ఆగిపోతే మీ పెద్దాయన పదేళ్ళకైనా అక్కడే ఉంటాడు.

రోడ్డు మీద ఉండేవాడికి లేనిది ‘ఇతను మా మనిషి’ అని చెప్పే ఇంకో మనిషి. పెద్దాసుపత్రికి పోతే “కూడా ఎవరొచ్చినారు?” అంటారు. ఆధార్ సెంటర్లో అడ్రసు అడుగుతారు. పనిలో పెట్టుకునేవాడు “నిన్నెవరు పంపించినారు?” అంటాడు. గది అద్దెకిచ్చేవాళ్ళ ఇంటికి పోతే గేటు కూడా తియ్యరు. మనకు ఇవన్నీ నోట్లోంచి ఊరికే వచ్చేసే జవాబులు. ఆయనకు ఒక్కదానికీ జవాబు ఉండదు. మంచి సంస్థ చేసేదల్లా, ఆ జవాబు తానై నిలబడటం. పేరు, అడ్రసు, సంతకం, పూచీ అప్పివ్వడం. మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక తాపీ మేస్త్రి సంగతి చెప్తాను, విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఊళ్ళో అప్పులు, ఇక్కడ పని, సాయంత్రానికి మందు, తర్వాత పని పోవడం, ఆపైన మద్రాసు బస్టాండు వైపు షాపుల అరుగులు. దగ్గు ఎక్కువై నా షాపుకొచ్చి టానిక్ అడిగాడు. మనిషిని చూస్తేనే తెలిసిపోతుంది, పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది.

టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, మామూలు టీబీకి ఆరు నెలలు వాడాలి. వాడినన్నాళ్ళూ తిండికని డబ్బు కూడా వేస్తుంది. 2018లో నెలకు 500తో మొదలై 2024 నవంబరు నుంచి 1000 అయింది. బాగానే ఉంది కదా? ఆ డబ్బు పడాలంటే బ్యాంకు ఖాతా ఉండాలి, ఖాతాకు ఆధార్ ఉండాలి. ఆయన ఆధార్ ఉన్న సంచిని నిద్రలో ఎవరో లాక్కుపోయారు. మందుల డబ్బా తల కింద పెట్టుకుంటే అదీ పోతుంది. ఆరోగ్య కార్యకర్త వచ్చి చూడాలంటే ఇల్లెక్కడ?

కొత్త ఆధార్ తీసుకుందామంటే కుదరదు. పాతది ఉన్నవాడికి మెషిను కొత్తది ఇవ్వదు, తిప్పి కొడుతుంది. పాత నంబరే వెతికి పట్టుకోవాలి. దానికి వేలిముద్ర కావాలి. ఏళ్ళ తరబడి సిమెంటు కలిపిన చేతులకు వేలిముద్రలు ఎక్కడ మిగులుతాయి? ఆఖరికి కంటిపాపతో దొరికింది. అందుకోసం ఆధార్ సెంటర్ చుట్టూ తిరిగింది ఆయనొక్కడే అయితే రెండోసారికే వదిలేసేవాడు. పక్కన మావాడు చొక్కా ఇస్త్రీ చేసుకుని నిలబడ్డాడు కాబట్టి లోపలివాళ్ళు కుర్చీ చూపించారు. ఇది చెప్పుకోవడానికి బాధగా ఉంటుంది, కానీ జరిగేది ఇదే. అసలు ఆధారే లేనివాళ్ళకు ఇంకో దారి ఉంది. ఇల్లు లేనివాళ్ళు తలదాచుకునే, గుర్తింపు ఉన్న షెల్టరు నిర్వాహకులు నిర్ణీత ఫారంలో రాసిచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది.

మొదట్లో కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉంచాం, అంటుకునే దశలో పదిమంది పడుకునే హాల్లో పెట్టకూడదు కాబట్టి. తర్వాత షెల్టరు. మందుల డబ్బా నా షాపులో, ఆయన పేరు రాసిన అరలో. పొద్దున్నే వచ్చి మింగి, నీళ్ళు తాగి, కాసేపు పేపరు తిరగేసి పోయేవాడు. ఆ పేపరు చదివే పది నిమిషాలే ఆయన్ని నిలబెట్టాయని నా నమ్మకం. రోజూ ఒకచోట ఆయన కోసం ఎదురు చూసేవాళ్ళు ఉన్నారు, రాకపోతే “నిన్న యాడికి పోయినావన్నా?” అని అడిగేవాళ్ళున్నారు.

తాగుడు మాన్పించే విషయంలో ఒక్క జాగ్రత్త చెప్పాలి, మందుల షాపువాడిగా. రోజూ బాగా తాగే మనిషిని జాలితో తీసుకొచ్చి గదిలో పెట్టి ఒక్కసారిగా ఆపేస్తే రెండుమూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరు కళ్ళ ముందే ఆపించాలి. ఏ సంస్థ అయినా ‘మా దగ్గరికొస్తే మొదటి రోజు నుంచే చుక్క ముట్టనివ్వం’ అని గొప్పగా చెప్తే, మరి డాక్టరెవరని అడగండి. వ్యసనాల గురించి అడగడానికి 14446 అనే ఉచిత నంబరుంది.

మేస్త్రి కోలుకున్నాక సిమెంటు దుమ్ములోకి మళ్ళీ పంపడం ఇష్టంలేక రొయ్యల గుంటల కాడ కాపలా పని చూశాం. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు ఈ పని ఎప్పుడూ దొరుకుతుంది. గుడిసె ఇస్తారు, బియ్యం ఇస్తారు. అందుకే రోడ్డు మీదివాళ్ళను ఎక్కువగా అక్కడికే పంపుతుంటారు. నాకైతే అది అంత మంచి పని అనిపించదు. రాత్రంతా ఒంటరితనం, చలి, పలకరించే దిక్కు లేక మళ్ళీ సీసా. పైగా జీతం పంట అమ్మినాక ఇస్తామంటారు, పంట పోతే అదీ పోయినట్టే. ఈయన కూడా కొన్నాళ్ళకు చేతికొచ్చిన డబ్బుతో కనపడకుండా పోయాడు. తిరిగొచ్చినప్పుడు మళ్ళీ ఆ అరుగు మీదే. మావాళ్ళలో ఒకరికి కోపమొచ్చింది, “ఇంకెందుకన్నా ఈయనకి” అన్నారు. అదృష్టం, ఆ మాట ఆయన చెవిన పడలేదు.

రెండోసారి మాగుంట లేఅవుట్ వైపు ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా చేర్చాం. అసోసియేషన్ వాళ్ళు అడిగింది ఒకటే, పూచీ ఎవరని. మా ట్రస్టు లెటర్‌హెడ్ మీద రాసిచ్చాం. జీతం నెలనెలా ఖాతాలోనే వెయ్యాలని కూడా అందులోనే రాయించాం. సెల్లారులో గది, తలుపుకి తాళం. తాళం చెవి జేబులో ఉన్న మనిషి నడకే వేరు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఊరికి మాత్రం పోలేదు, పోనంటాడు. కూతురితో ఫోన్లో మాట్లాడతాడు. అప్పుడప్పుడూ తాగుతాడని కూడా నాకు తెలుసు.

ఇక మతిస్థిమితం లేక తిరిగేవాళ్ళది వేరే దారి. చెన్నై-హౌరా రైలు మార్గం మన ఊరి మీదుగా పోతుంది కాబట్టి ఎక్కడెక్కడి వాళ్ళో నెల్లూరులో దిగిపోతారు, ఏ ఊరో చెప్పలేరు. ఇలాంటప్పుడు సంస్థకన్నా ముందు పోలీస్ స్టేషనుకే పోవాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షను ప్రకారం అలాంటి మనిషిని రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ అధికారి బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, తప్పిపోయిన మనిషిగా కేసు రాసి ఇంటివాళ్ళను వెతకాలి. ఈ సెక్షను నంబరు చెప్తే అవతలి గొంతు కొంచెం మెత్తబడుతుంది, నేను చాలాసార్లు చూశాను. ఒక ఒడియా కుర్రవాడి విషయంలో మాకు తాళం తీసింది కృష్ణపట్నం వైపు పనిచేసే అతని రాష్ట్రపు కూలీ ఒకాయన. వైద్యం మొదలైన కొన్ని వారాలకు ఆ కుర్రవాడు ఆయనతో ఊరి పేరు చెప్పాడు, అక్కడి స్టేషనుకు ఫోన్ పోయింది, అన్న రైలెక్కి వచ్చాడు. మందులు ఆపితే మళ్ళీ మొదటికే వస్తుందని ఆ అన్నకు అర్థమయ్యేలా చెప్పడమే అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టిన పని. ఆడవాళ్ళ విషయంలో చెన్నైలోని బాన్యన్ సంస్థ 1993 నుంచి ఇదే పని చేస్తోంది. ఇలా తిరిగేవాళ్ళకు వైద్యం చేసి ఇళ్ళకు చేర్చినందుకే ముంబయి డాక్టరు భరత్ వాట్వానీకి 2018లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

ముసలివాళ్ళ సంగతి క్లుప్తంగా. కన్నవాళ్ళను వదిలేయడం 2007 నాటి చట్టం ప్రకారం శిక్షపడే నేరమే, ఆర్డీవో దగ్గర మనోవర్తి కూడా అడగొచ్చు. కానీ నేను చూసినంతలో తల్లులెవరూ కొడుకు మీద కాగితం రాయరు. “వాడికేం కష్టమొచ్చిందో” అంటారు. బలవంతం చెయ్యకూడదు. వార్డు సచివాలయంలో పింఛను ఇక్కడికి మార్పించడం దానికన్నా పనికొచ్చే పని, ఇప్పుడది నెలకు 4000. ఇక్కడ ఒక తమాషా చూశాను. పింఛను చేతికి రావడం మొదలైన నెలలోనే, ఏళ్ళ తరబడి అజా పజా లేని చుట్టాలు కొందరికి అవ్వ గుర్తొస్తుంది. అలా వచ్చినవాళ్ళతో పంపాలా వద్దా అన్నది అవ్వే తేల్చాలి, సంస్థ కాదు. పెద్దవాళ్ళ సాయానికి 14567 నంబరుంది.

ఇక షెల్టర్ల సంగతి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ లెక్కలో లక్ష జనాభాకు ఒక షెల్టరు, ఏడాది పొడుగునా 24 గంటలూ తెరిచి ఉండాలి, మనిషికి 50 చదరపు అడుగులకు తగ్గకూడదు. నెల్లూరు నగర జనాభా ఐదు లక్షల పైచిలుకు, లెక్క మీరే వేసుకోండి. ఉన్న షెల్టరుకైనా అందరూ రారు. మొగుడూ పెళ్ళాం విడివిడిగా పడుకోవాలి, రిక్షా బయట వదలాలి, సంచి పోతుందన్న భయం. రానన్నవాణ్ణి సోమరిపోతు అని తిట్టే ముందు ఎందుకు రానంటున్నాడో అడగాలి. మా దగ్గర మాత్రం రేకు పెట్టెలున్నాయి. షెల్టరుకు రానివాళ్ళు కూడా కాగితాలు వాటిలో దాచుకుంటారు, తాళం వాళ్ళ దగ్గరే ఉంటుంది.

మీరు సంస్థను ఎంచుకునేటప్పుడు నేనైతే ఇవి చూస్తాను. గడ్డం గీసి, స్నానం చేయించి, ఆ వీడియోకి పాట పెట్టి వదిలేవాళ్ళ దగ్గరికి పోను. రేపు ఆ మనిషి పనికి పోతే అదే వీడియో యజమాని ఫోన్లో ఉంటుంది. ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంటుందని అడుగుతాను. వెళ్ళిపోతానంటే వెళ్ళనిస్తారా అని అడుగుతాను. పోయినేడు మీ దగ్గరున్న మనిషి ఇప్పుడెక్కడున్నాడని అడిగితే నీళ్ళు నమిలేవాళ్ళను నమ్మను. ‘మళ్ళీ రోడ్డు మీదికే పోయాడండీ, మొన్న కనిపించాడు’ అనేవాళ్ళను నమ్ముతాను.

డబ్బు ఇవ్వాలనుకుంటే కూడా ఒక మాట. పుట్టినరోజుకు అన్నదానం, వెనక ఫ్లెక్సీ, దానికి మాకు దాతల కొరత లేదు. ఆటో ఛార్జీలకు, ఆసుపత్రిలో రాత్రి తోడు పడుకునే మనిషి కూలికి, గది అడ్వాన్సుకు ఇచ్చేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టే అంతమంది. ఆ ఫొటోలో చూపించడానికి ఏమీ ఉండదు కదా.

మీ పెద్దాయన విషయానికొస్తే, పొట్లం ఇచ్చి వెళ్ళిపోకుండా రేపు పగటిపూట ఒక్కరే పోయి కూర్చోండి. నలుగురు కలిసి పోతే మాట్లాడడు. ఏ ఊరు, ఎవరున్నారు అని మొదటి రోజే తవ్వొద్దు. కాలు ఎన్నాళ్ళ నుంచి అలా ఉందని అడగండి చాలు. ఆ పుండు మానకపోతే నా అనుమానం షుగరు మీద, పరీక్ష చేయించండి. పసుపు, కాఫీపొడి లాంటివి పెట్టనివ్వకండి. ఆసుపత్రిలో చేర్చుకుంటే రాత్రిపూట తోడు అడుగుతారు, దానికి మీ స్నేహితులు ముందే వంతులు వేసుకోండి, లేకపోతే అక్కడే కథ ఆగిపోతుంది. ఆయన రానంటే లాక్కెళ్ళొద్దు, రెండు రోజులాగి మళ్ళీ అడగండి. కాలు నల్లబడినా, వాసన వస్తున్నా, జ్వరం తగిలినా మాత్రం ఆగకండి, నచ్చజెప్తూనే 108కి ఫోన్ చెయ్యండి.