బావకు చెప్పని కృతజ్ఞత

అమ్మా, కందుకూరు దగ్గరి పల్లె నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. వర్జీనియా పొగాకు వరుసగా రెండేళ్లు దెబ్బతీసిందని, కొన్ని బేళ్లు వేలం ప్లాట్‌ఫారం దాకా వెళ్లి, కొనేవాళ్లు లేక నో బిడ్ అయి తిరిగొచ్చాయని, కౌలుకూ పొగాకు కాల్చే బ్యారన్ అద్దెకూ చేసిన అప్పు అలాగే ఉందని రాశారు. పిల్లలిద్దరి ఫీజులు ఒంగోలులో ఉన్న మీ అన్నయ్య కడుతున్నారు. ఇటువంటి సమయంలో, రాబోయే కోత పండుగనాడు మీ దంపతులిద్దరూ సంఘంలో నిలబడి దేవుడు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పాలని, చేబదులు తెచ్చయినా పదివేలు కృతజ్ఞతార్పణ ఇవ్వాలని మీవారు పట్టుబడుతున్నారు. మనసులో కృతజ్ఞత లేకుండా నిలబడితే పాపమా, నిలబడకపోతే అవిశ్వాసమా అని మీరు అడిగారు.

దీనికి జవాబు చిన్నదే. మనసు రాకపోతే నిలబడకండి. దేవునికి మీ మనసు తెలుసు. అప్పు తెచ్చి కానుక వేయడం అంతకన్నా తగని పని. బైబిల్లో, అప్పులవాడు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చిన విధవరాలి ఇంట్లో నూనె పొంగినప్పుడు, ఎలీషా ప్రవక్త ఆమెకు చెప్పింది ఆ నూనె అమ్మి ముందు అప్పు తీర్చమని, మిగిలిన దానితో పిల్లలతో బతకమని.

నన్ను కలచివేసింది మీరు రెండు వాక్యాలలో దాటేసిన సంగతి. మొన్న క్రిస్మస్ ఆరాధనకు మీ అన్నయ్య వచ్చి వెనక చాప మీద కూర్చున్నారు. మీవారు లేచి, "ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నా దేవుడే నా పిల్లలను చదివిస్తున్నాడు" అని సాక్ష్యమిచ్చారు. ఆ వారంలోనే ఫీజు కట్టి రసీదు మీ ఫోనుకు పంపిన మనిషి ఆ మాట విని, ఆమెన్ అని, ప్రేమవిందుకు కూర్చోకుండానే బస్సెక్కి వెళ్లిపోయారు. మీ కష్టానికి మూలం పొగాకు ధర అని మీరు అనుకుంటున్నారు. నేను అలా అనుకోవడం లేదు. మీవారికీ ఆయన బావకూ మధ్య తెగిపోయిన మాటే మీ ఇంట్లో కృతజ్ఞతను ఎండగట్టింది. మీకు మనసు రాకపోవడం అవిశ్వాసం కాదమ్మా, మీ కళ్లెదుట జరిగిన అన్యాయాన్ని మీ మనసు ఒప్పుకోలేకపోతోంది.

మీ ఇంటి గోడ మీది క్యాలెండరులో "దేవుడు మీ ప్రతి అవసరమును తీర్చును" అన్న ఫిలిప్పీయుల పత్రిక వాక్యం ఉందని, మీవారు రోజూ దాన్నే చూపిస్తారని రాశారు. ఆ అధ్యాయాన్ని ఆయన చేతనే పదో వచనం నుంచి చదివించండి. ఆ పత్రిక రాసిన పౌలు, తాను బంధకాలలో ఉండి, ఏ స్థితిలోనైనా సంతృప్తి కలిగి ఉండడం నేర్చుకున్నానని చెప్పి కూడా, "అయినను నా శ్రమలో మీరు పాలుపుచ్చుకొనినది మంచిపని" అని ఆ వెంటనే అన్నాడు. తాను థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడా ఫిలిప్పీ సంఘంవాళ్లు తన అవసరానికి పంపిన సంగతిని గుర్తు చేశాడు. కానుక తెచ్చిన ఎపఫ్రొదితును పేరు పెట్టి చెప్పాడు. ఆ కానుక దేవునికి ప్రీతికరమైన యాగమన్నాడు. ఇదంతా చెప్పిన తరువాతే మీ గోడ మీది మాట వస్తుంది, అదీ ఇచ్చినవాళ్లను ఉద్దేశించి. ఆ లెక్కన ఆ వాగ్దానం మీ ఇంట్లో ముందుగా చెందవలసింది మీ అన్నయ్యకు.

మీ అన్నయ్య చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో చూసిపెట్టిన ఉద్యోగాన్ని, దేవుడు ద్వారం తెరిచే వరకు ఆగుతానని మీవారు కాదన్నారట. ద్వారం తెరిచే ఉంది, తెరిచిన చెయ్యి బావది కావడమే ఆయనకు మింగుడుపడలేదు. 1876-78 నాటి కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పనీ కూలీ ఇచ్చాడు. పార పట్టి మట్టి మోసి తెచ్చుకున్న ఆ కూలిడబ్బులను దేవుడిచ్చినవి కావని అనగలమా?

మీవారిని చెడ్డవాడని నేను అనను. సొంతంగా బ్యారన్ కాల్చి నలుగురికి కూలి ఇచ్చిన మనిషి, అత్తింటివారి డబ్బుతో పిల్లలను చదివించుకోవలసి రావడం చిన్న నొప్పి కాదు. సిగ్గుపడడం తప్పు కాదు, ఆ సిగ్గును కప్పిపుచ్చడానికి దేవుని పేరు వాడుకోవడం తప్పు. ఈ విషయంలో మీకూ ఒక మాట చెప్పాలి. మొదటిసారి మీరు ఆయనకు చెప్పకుండా అన్నయ్యను అడిగారు, ఆయనకు రసీదు చూశాకే తెలిసింది. పుట్టింటి సాయం భర్త చాటున తెచ్చుకుంటే అది ఆయనను చిన్నబుచ్చడమే అవుతుంది. దానికి ఆయనను క్షమాపణ అడగండి, ఏ వివరణా జోడించకుండా అడగండి.

ఆ తరువాత అప్పుల కాగితాలు ఆయన ముందు పరచి, మీ అన్నయ్య కట్టిన ఫీజులను కూడా ఆ వరుసలో రాయండి. అన్నయ్య వద్దన్నా సరే, నెలకు ఐదువందలైనా తిరిగి ఇచ్చేలా మాట అనుకోండి. అలా చేస్తేనే మీవారు బావ ఎదుట తల ఎత్తుకుని కూర్చోగలుగుతారు. కోత పండుగకు ముందు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ఒంగోలు వెళ్లాలి, ఒంటరిగా వెళ్లాలి. "బావా, పిల్లలను నువ్వు చదివిస్తున్నావు, ఆ రోజు సంఘంలో నీ పేరు చెప్పకపోవడం నా తప్పు" అన్న మాట ఆయన నోటితోనే రావాలి, మీరు ఫోనులో ముందుగా దారి చదును చేయవద్దు. చీమకుర్తి ఉద్యోగం ఇంకా ఖాళీగా ఉందో లేదో కూడా మీరు కనుక్కోకండి, అది ఆయననే అడగనివ్వండి.